బాయి దిగిన డాక్టరు - జాన్ స్కాట్ హాల్డేన్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి నాలుగు పేజీలు రాయమని కార్యదర్శి గారు అడిగారు. దేశనాయకుల గురించీ, కవుల గురించీ నాకంటే బాగా రాయగలవారు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు. నేను ముప్పయి మూడేళ్ళు బొగ్గు బాయిల్లో, అందులో ఎక్కువ కాలం వెంటిలేషన్ సెక్షన్‌లో పనిచేసినవాణ్ణి. నాకు కాస్తో కూస్తో తెలిసింది గాలి సంగతి. అందుచేత జీవితమంతా గాలిని పరీక్షించడంతోనే గడిపిన ఒకాయన గురించి రాస్తున్నాను.

ఆయన పేరు మనలో చాలామంది పలికినదే, కాని మనిషి మాత్రం తెలియదు. సీలు చేసిన ప్యానెళ్ళ వెనకనుంచీ, రిటర్న్ గాలిదారుల నుంచీ సీసాల్లో గ్యాసు శాంపిళ్ళు పట్టి పైకి తెచ్చేవాళ్ళం. ల్యాబులో ఒక చెక్క చట్రానికి బిగించిన గాజు గొట్టాల ముందు కూర్చుని వాటిని పరీక్ష చేసేవారు. పాదరసం సీసాను పైకీ కిందికీ కదుపుతూ, ఆ గాలిని ఒకసారి కాస్టిక్ పొటాష్‌లోకి, ఇంకోసారి పైరోగాలోల్ ద్రావణంలోకి పంపి, ప్రతిసారీ ఎంత తగ్గిందో కొలిచేవారు. మొదట తగ్గింది కార్బన్ డయాక్సైడు, తరువాత తగ్గింది ఆక్సిజన్. ఆ పరికరాన్ని మేం హాల్డేన్ అనేవాళ్ళం. హాల్డేన్ పగిలింది, హాల్డేన్ కడగాలి, ఇవాళ హాల్డేన్ మీద ఎవరున్నారు, ఇలా ఉండేవి మా మాటలు. అది ఒక మనిషి ఇంటిపేరని నాకు చాలా ఏళ్ళు తట్టనే లేదు.

తట్టింది కాకినాడలో. మా రెండో అమ్మాయిని అక్కడ ఇచ్చాం. మనవడు పుట్టినప్పుడు వెళితే, మా వియ్యంకుడు గారు మాటల సందర్భంలో, హాల్డేన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఒకాయన తన శరీరాన్ని అక్కడి రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చారని చెప్పారు. మన గ్యాసు పరికరం ఆయన ఇక్కడికి ఎందుకొచ్చాడని నేను ఆశ్చర్యపోయాను. తీరా వాకబు చేస్తే ఆయన జె.బి.ఎస్. హాల్డేన్, జన్యుశాస్త్రంలో పెద్ద పేరు. 1957లో భారతదేశానికి వచ్చి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. మన పరికరం చేసినాయన ఆయన తండ్రి. కొడుకు గురించి పత్రికల్లో చాలా వచ్చింది. మన బతుకులతో ఎక్కువ సంబంధం ఉన్నది తండ్రితో. అప్పటినుంచీ దొరికిన పుస్తకమల్లా చదువుతూ వచ్చాను.

జాన్ స్కాట్ హాల్డేన్ 1860లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో పుట్టారు. కలిగిన కుటుంబం, భూములున్నవాళ్ళు. ఆయన అన్న రిచర్డ్ తరువాత బ్రిటన్‌లో యుద్ధమంత్రి, ఆపైన లార్డ్ ఛాన్సలర్ అయ్యారు. ఈయనకు కూడా కావాలనుకుంటే పట్టణంలో ప్రాక్టీసు పెట్టుకుని సుఖంగా బతికే వీలుండేది. 1884లో ఎడిన్‌బరోలో వైద్యం పట్టా పుచ్చుకున్నారు కాని, రోగులకు మందు రాసే పనిలోకి పోలేదు. డండీ అనే ఊరిలో కాలేజీలో చేరి, అక్కడి పేదల ఇళ్ళలోని గాలిని పరీక్షించే పనిలో దిగారు. ఇద్దరు సహచరులతో కలిసి అర్ధరాత్రి దాటాక, ముందు చెప్పకుండా, ఒంటిగది ఇళ్ళ తలుపులు తట్టేవారు. ఇంటిల్లిపాదీ నిద్రపోతున్నప్పుడు ఆ గదిలో ఉన్న గాలిని సీసాలో పట్టుకుని వచ్చేవారు. ఒంటిగది ఇళ్ళలోనూ, రెండు గదుల ఇళ్ళలోనూ, పెద్ద ఇళ్ళలోనూ గాలి ఎలా ఉంది, అక్కడ చావులెలా ఉన్నాయి అని పక్కపక్కన పెట్టి చూపించారు. అది 1887లో అచ్చయింది. ఆ ఏడే ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరుగా ఉన్న మేనమామ దగ్గర చేరారు. మురుగు కాలువల గాలి కూడా పీల్చి చూశారు. ఏ గాలి గురించి అడిగినా ముందు తాను పీల్చి చెప్పడం ఆయన పద్ధతి.

ఆ పద్ధతి బాయిల్లోకి వచ్చాక ఏమయిందో చూడండి.

1896 జనవరి 27న దక్షిణ వేల్స్‌లోని రోండా లోయలో టైలర్స్‌టౌన్ బొగ్గు గని పేలింది. 57 మంది చనిపోయారు. గని పేలితే మనుషులు మంటకీ, దెబ్బకీ పోతారనే అందరూ అనుకునే రోజులవి. హోంశాఖ కోరిక మీద హాల్డేన్ అక్కడికి వెళ్ళి, బాయి దిగి, శవాలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. చచ్చిన గుర్రాలను కూడా వదల్లేదు. చాలామంది ఒంటిమీద ప్రాణం తీసేంత గాయం లేదు. కాని రక్తం చెర్రీపండులాగా ఎర్రగా ఉంది, చర్మానికి గులాబీ రంగు వచ్చింది. అది కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తం. పేలుడు తరువాత మిగిలే గాలి, మనం ఆఫ్టర్‌డ్యాంప్ అని చదువుకున్నది, చంపుతున్నది అదీ. పేలుడు జరిగాక కూడా చాలామంది కొంతసేపు బతికే ఉన్నారు, కొందరు నడవడానికి ప్రయత్నించారు కూడా.

ఈ మాట విలువ బాయిలో పనిచేసినవారికి వెంటనే తెలుస్తుంది. మంట చంపితే చేసేదేమీ లేదు. గ్యాసు చంపితే చేయగలిగింది ఉంది. మనిషికి ఆ కొద్దిసేపు పీల్చుకోవడానికి మంచి గాలి అందితే ప్రాణం నిలుస్తుంది. మా నడుముకి కట్టుకున్న సెల్ఫ్ రెస్క్యూయర్ బరువు గురించి మనమెంత సణుక్కున్నామో గుర్తుందా? ఆ డబ్బా వెనక ఉన్న ఆలోచన, 1896లో ఆ శవాల మధ్య నిలబడిన మనిషిది.

కార్బన్ మోనాక్సైడ్ మనిషిని ఎంతసేపట్లో ఏం చేస్తుందో ఆయన అప్పటికే తెలుసుకుని ఉన్నారు. 1895లో ల్యాబులో కూర్చుని, ఆ గ్యాసు కలిపిన గాలిని తానే పీలుస్తూ, నిమిషాలవారీగా రాసుకున్నారు. ఆయాసం, గుండెదడ, చూపు మసకబారడం, కాళ్ళు తేలిపోవడం అన్నీ నోటుబుక్కులో ఎక్కించారు. మధ్యమధ్య వేలినుంచి రక్తం చుక్క తీసి రంగు పోల్చి చూసుకునేవారు. ఒక ప్రయోగంలో గంటకు పైగా పీల్చి, రక్తంలో సుమారు సగం ఆ విషంతో నిండేదాకా ఆపలేదు. పక్కనే బోనులో చుంచెలుక ఉండేది. ఆయనకు ఇంకా ఏమీ తెలియకముందే అది ఒరిగిపోయేది. చిన్న ప్రాణి బరువుకి మించి గాలి పీలుస్తుంది, అందుకే విషం దానికి ఎన్నో రెట్లు త్వరగా ఎక్కుతుంది. రెస్క్యూకి వెళ్ళేవాళ్ళు బోనులో ఎలుకనో, చిన్న పిట్టనో వెంట తీసుకువెళ్ళాలని ఆయన సలహా ఇచ్చారు. పిట్ట కొమ్మమీదనుంచి పడితే అందరికీ కనబడుతుంది, ఎలుక నక్కితే కనబడదు. అందుచేత కానరీ పిట్టలు స్థిరపడ్డాయి. మన దేశంలో మునియా పిట్టలను వాడారు. నేను చేరిన కొత్తలో రెస్క్యూ గదిలో వాటి బోను చూశాను. వాటికి గింజలు వేసే ముసలాయన, పిట్టకి ఏమీ కాకుండా తిరిగి తెస్తే మనుషులకి కూడా ఏమీ కానట్టే అని మురిసిపోయేవాడు. బ్రిటన్‌లో 1986లో ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చాక ఆ గనుల్లోని కానరీలను, రెండు వందలకు పైగా, పనినుంచి తప్పించాలని నిర్ణయించారు. ఆ లెక్కన అవి కూడా మన సంఘంలో సభ్యత్వానికి అర్హత గలవే!

ఎక్కడ గని ప్రమాదం జరిగినా హాల్డేన్‌కి కబురు వెళ్ళేది. ఇంట్లో వాళ్ళు బెంగపెట్టుకుంటారని, పైకి రాగానే క్షేమమని భార్యకు తంతి కొట్టేవారు. ఒకసారి బాయిలో గ్యాసు పీల్చి పైకొచ్చి తంతి ఇచ్చారు, ఇచ్చిన సంగతి మరచి మళ్ళీ ఇచ్చారు, మళ్ళీ ఇచ్చారు. క్షేమమని ఇంటికి వరసగా తంతులు రావడం చూసి ఆ ఇల్లాలికి ఏ మాత్రం క్షేమంగా లేరన్న సంగతి అర్థమై ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ జ్ఞాపకాన్ని ఎలా తినేస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. మన ఇళ్ళలో ఆడవాళ్ళు షిఫ్టు దిగే వేళకి గుమ్మంలో నిలబడి చూసిన రోజులు తలచుకుంటే, ఆ తల్లి మీద నాకు జాలి కలుగుతుంది.

కొడుకుని కూడా చిన్నప్పుడే బాయిలోకి తీసుకుపోయారు. ఉత్తర స్టాఫర్డ్‌షైర్‌లోని ఒక గనిలో, పైకప్పు దగ్గర మండే గ్యాసు చేరిన చోట, పిల్లవాణ్ణి నిలబెట్టి షేక్స్‌పియర్ జూలియస్ సీజర్ నాటకంలో ఆంటోనీ ఉపన్యాసం అప్పజెప్పమన్నారు. నాలుగు ముక్కలు చెప్పేసరికి కుర్రవాడికి ఊపిరాడక కాళ్ళు సడలి కిందపడ్డాడు. నేలమీద గాలి బాగానే ఉంది, కాసేపటికి తేరుకున్నాడు. మీథేను గాలికంటే తేలిక, పైన చేరుతుంది అన్న పాఠం ఆ పిల్లవాడు జన్మలో మరచిపోలేదు. మన ట్రైనింగ్ సెంటర్‌లో ఇదే పాఠం నల్లబల్ల మీద చెప్పారు, పరీక్ష అయ్యాక సగంమంది మరచిపోయారు. అయినా సొంత కొడుకుతో అలాంటి పని చేయడం నా మనసుకి ఒప్పలేదు, ఆ మాట దాచను.

ఇక మన ఊపిరితిత్తుల సంగతికి వస్తాను.

ఇంగ్లండు నైరుతి మూలనున్న కార్న్‌వాల్‌లో తగరపు గనులుండేవి. 1902లో హోంశాఖ ఆయన్ని అక్కడికి పంపింది. కాంబోర్న్ దగ్గర డోల్కోత్ అనే లోతైన గనిలో కార్మికులు పాలిపోయి, నీరసించి, మెట్లు ఎక్కలేకపోతున్నారు. గాలి చెడ్డదని అందరి అనుమానం. హాల్డేన్ గాలి పరీక్షించారు, అది అంత జబ్బు తెచ్చేలా లేదు. రక్తమూ మలమూ పరీక్షిస్తే కొంకిపురుగు బయటపడింది. వెచ్చగా, తడిగా ఉండే ఆ గనిలో మరుగుదొడ్లు లేవు. ఎవరికి తోచిన చోట వాళ్ళు కూర్చోవడం, ఆ మట్టి చేతులకీ కాళ్ళకీ అంటడం, పురుగు చర్మంగుండా లోపలికి పోవడం. గాలి నిపుణుడు గాలిది తప్పు కాదని చెప్పి, బాయిలో దొడ్లు ఏర్పాటు చేయమని రాశారు. తన విద్యే గొప్పదని దానికే అన్నీ అంటగట్టే పండితులను చూసిన కళ్ళకు ఇది పెద్ద విషయంగా కనిపిస్తుంది.

కాని అక్కడ ఆయన కంటపడింది ఇంకొకటి ఉంది. కార్న్‌వాల్ గని కార్మికులు నడివయసులోనే దగ్గుతో, ఆయాసంతో పోతున్నారు. అందరూ క్షయ అని రాసేస్తున్నారు. మరి ఇద్దరు సభ్యులతో కలిసి ఆయన చావుల లెక్కలు తీసి, ఎవరు ఏ పని చేశారో విడదీశారు. పోతున్నది ఎక్కువగా రాతికి రంధ్రాలు వేసే యంత్రపు డ్రిల్లుల మీద పనిచేసినవాళ్ళు. వాళ్ళలో చాలామంది దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ బంగారు గనుల్లో ఎక్కువ కూలికి డ్రిల్లు పట్టి, జబ్బుతో ఇంటికి తిరిగి వచ్చినవాళ్ళు. సుత్తి, ఉలి కాలంలో రాయి నెమ్మదిగా పగిలేది. యంత్రం వచ్చాక సన్నటి రాతిధూళి పొగలాగా లేస్తోంది. ఆ ధూళి ఊపిరితిత్తులను గాయపరచి, గట్టిపరచి, దాని మీద క్షయ వచ్చి కూర్చుంటోంది. 1904లో ఇచ్చిన నివేదికలో ఈ సంగతంతా తేల్చి, డ్రిల్లు చేసే చోట నీరు చిమ్మి ధూళి లేవకుండా చేయాలని చెప్పారు. బండమీద తడి డ్రిల్లింగ్ చేసినవాళ్ళు బట్టలు తడిసి తిట్టుకునేవాళ్ళు, నాకు తెలుసు. ఆ తడే వాళ్ళను ఇవాళ పెన్షన్ తీసుకోనిస్తోంది.

ఆ రోజుల్లోనే ఆయన వేడి గురించి కూడా తేల్చారు. గాలి ఎంత వేడిగా ఉందన్నది కాదు ముఖ్యం, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు ఎంత చూపిస్తుందన్నదే ముఖ్యం. నిలిచిపోయిన గాలిలో అది సుమారు 31 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే ఊరికే కూర్చున్నవాడి ఒళ్ళు కూడా కాలడం మొదలవుతుంది. వెంటిలేషన్‌వాళ్ళం గిరగిరా తిప్పే హైగ్రోమీటరుని చూసి పిల్లల గిలక్కాయ అని నవ్విన మిత్రులు ఈ పేరా రెండోసారి చదవాలని మనవి.

నౌకాదళం కోసం చేసిన పని గురించి క్లుప్తంగా చెబుతాను. లోతు నీటిలో పనిచేసే గజ ఈతగాళ్ళు పైకి రాగానే కీళ్ళ నొప్పులతో మెలికలు తిరిగి, కొందరు పక్షవాతం వచ్చి, కొందరు ప్రాణాలే పోయి నష్టపోయేవారు. ఒత్తిడిలో రక్తంలోకి కరిగిన నత్రజని, ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే సోడాబుడ్డిలోలాగా బుడగలై లేస్తుంది. ఆయన మేకలను ఒత్తిడి గదిలో పెట్టి, ఏ లోతునుంచి ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగి పైకి రావాలో పట్టికలు కట్టారు. 1908లో అవి అచ్చయ్యాయి. ప్రపంచమంతా గజ ఈతగాళ్ళు వాడిన పట్టికలకు మూలం అదే.

1915 ఏప్రిల్‌లో జర్మన్లు ఫ్రాన్సు, బెల్జియం సరిహద్దులో సైనికుల మీదికి విషవాయువు వదిలితే, అదేమిటో తేల్చడానికి ప్రభుత్వం మళ్ళీ ఈయన్నే పంపింది. ఊపిరాడక పోతున్న సైనికులను చూసి, శవపరీక్ష చేసి, క్లోరిన్ అని ధ్రువపరిచారు. తిరిగివచ్చి ముసుగుల పరీక్షకి తానూ, సహచరులూ క్లోరిన్ పీల్చారు. సైన్యంలో ఉన్న కొడుకుని కూడా పిలిపించి పీల్పించారు. ఈయన దేశం కోసం ఇలా ఊపిరి పాడు చేసుకుంటున్న ఆ ఏడే మే నెలలో, జర్మనీ పక్షపాతి అనే నింద మోపి అన్నగారిని మంత్రివర్గంనుంచి తొలగించారు. లోకం తీరు అప్పుడూ అంతే.

ఇంతవరకూ చదివినవారికి ఆయన తప్పేచేయని మనిషని అనిపిస్తుంది. ఆయన జీవితం రాసే చాలామంది ఇక్కడే ముగిస్తారు. బొగ్గు బాయి మనిషిగా నేను ఇక్కడ ఆపలేను.

యుద్ధానికి ముందునుంచీ ఆయన డాంకస్టర్‌లో బొగ్గు గనుల యజమానులు పెట్టిన పరిశోధనాలయాన్ని నడిపారు. 1921లో అది బర్మింగ్‌హామ్‌కు మారింది. 1906లో ఫ్రాన్సులోని కూరియర్‌లో బొగ్గుపొడి పేలి 1,099 మంది పోయాక, గాలిదారుల్లో రాతిపొడి చల్లి పేలుడు పాకకుండా ఆపే విధానం వచ్చింది. చల్లే రాతిపొడి కార్మికుల రొమ్ముల్లోకి పోతే ఏమిటి అన్న ప్రశ్న కూడా వచ్చింది. కార్న్‌వాల్ చూసివచ్చిన మనిషి కనుక, సిలికా ఎక్కువున్న పొడి వాడకూడదని ఆయన గట్టిగా చెప్పారు. ఇంతవరకూ బాగుంది. కాని బొగ్గుపొడి సంగతికి వచ్చేసరికి, అది ఊపిరితిత్తులకు హాని చేయదని నిశ్చయించారు. ఎందుకంటే, చావుల లెక్కల్లో బొగ్గు కార్మికులు క్షయతో పోవడం ఇతర పనులవాళ్ళకంటే తక్కువగా ఉంది. బొగ్గుపొడిని ఊపిరితిత్తులు తమంతట తామే ఊడ్చి బయటికి పంపుతాయనీ, దాని తోడు ఉంటే రాతిధూళి కూడా కొంత బయటికి పోతుందనీ ఆయన నమ్మకం. ఈ మాట ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. చెప్పింది హాల్డేన్ కనుక ఎదురు చెప్పేవారు తక్కువ.

దాని పర్యవసానం ఏమిటంటే, దక్షిణ వేల్స్‌లో మెట్లెక్కలేక, పడుకుని నిద్రపోలేక, కూర్చునే తెల్లవారేదాకా గడిపే బొగ్గు కార్మికుడు నష్టపరిహారం అడిగితే, తొలి రోజుల్లో, రాతిలో పనిచేసిన రుజువు చూపమనేవారు. బొగ్గు మాత్రమే కొట్టినవాడికి ఆ రుజువు ఎక్కడినుంచి వస్తుంది?

ఇంత జాగ్రత్తగల మనిషి ఇక్కడ ఎలా పొరబడ్డాడా అని నేను చాలాకాలం ఆలోచించాను. యజమానుల డబ్బు తిన్నారని తేలిగ్గా అనేసేవారున్నారు. నాకది ఒప్పుదలగా లేదు. అదే యజమానుల కొలువులో ఉండి కూడా సిలికా పొడి వద్దని చెప్పిన మనిషాయన. నాకు తోచింది ఇది. ఆయన విద్య అంతా తన ఒంటిమీద చూసుకునే విద్య. గ్యాసయితే గంటలో తెలుస్తుంది, వేడి అయితే పూటలో తెలుస్తుంది. బొగ్గుపొడి ఇరవై ఏళ్ళకి తెలుస్తుంది. ఎన్ని బాయిలు దిగినా ఆయన పరీక్ష చేసి పైకి వచ్చేసే మనిషే. రోజుకి ఎనిమిది గంటలు, ఏడాదికి మూడు వందల రోజులు, ఇరవై ఏళ్ళు ఫేసులో తట్టెత్తిన మనిషి కాదు. ఇక లెక్కలంటారా, అవి క్షయ లెక్కలు. ఈ జబ్బు క్షయ కాదు. వేరే జబ్బుని వెతుకుతూ ఉన్నవాడికి కళ్ళముందున్నది కనబడలేదు.

కనబడ్డది ఎక్కడంటే, కార్డిఫ్ రేవులో. అక్కడ ఓడ గర్భంలోకి బొగ్గు పోస్తుంటే, లోపల నిలబడి పారలతో సర్దే కూలీలుండేవారు. వాళ్ళెప్పుడూ గని దిగలేదు, రాయి తొలచలేదు. వాళ్ళ ఊపిరితిత్తుల్లో కూడా అదే జబ్బు. 1928లోనే ఇద్దరు డాక్టర్లు ఈ సంగతి అచ్చువేశారు. అయినా పెద్దాయన మాట పక్కకి తొలగడానికి ఇంకా కాలం పట్టింది.

హాల్డేన్ కడదాకా పని మానలేదు. 1934లో రాయల్ సొసైటీవారి కోప్లీ పతకం వచ్చింది. డెబ్బై అయిదేళ్ళ వయసులో, మనమంతా మోకాళ్ళ నొప్పులు చెప్పుకునే వయసులో, పర్షియా, ఇరాక్ దేశాలకు ప్రయాణం కట్టారు. అక్కడి చమురు కార్మికులు వడదెబ్బకు పోతున్నారని తెలిసి, స్వయంగా చూడటానికి వెళ్ళారు. తిరిగివచ్చాక న్యుమోనియా పట్టుకుంది. ఊపిరాడని రోగులకు ఆక్సిజన్ ఎలా ఇవ్వాలో డాక్టర్లకు నేర్పినవారిలో ఆయన ముఖ్యులు. ఆ ఆక్సిజన్ డేరాలోనే, 1936 మార్చి 14 అర్ధరాత్రి వేళ, ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశారు.

ఆ తరువాత కొద్దికాలానికే బ్రిటిష్ ప్రభుత్వపు వైద్య పరిశోధనా మండలి దక్షిణ వేల్స్ గనుల్లో బొగ్గు కార్మికులను వేల సంఖ్యలో పరీక్షించే పని చేపట్టింది. ఎక్స్‌రేలు తీశారు, ఎవరు ఏ పని ఎన్నేళ్ళు చేశారో రాశారు, ఫేసులో ధూళి కొలిచారు. సరిగ్గా కార్న్‌వాల్‌లో హాల్డేన్ చేసిన పద్ధతే, కాకపోతే ఈసారి ఎక్స్‌రే తోడు ఉంది. 1942లో మొదటి నివేదిక వచ్చింది. బొగ్గుపొడి దానంతటదే జబ్బు తెస్తుందని తేలింది. దానికి బొగ్గు కార్మికుల న్యుమోకోనియోసిస్ అని పేరు పెట్టారు. 1943లో రాతి రుజువు అడగకుండా నష్టపరిహారం ఇచ్చే ఏర్పాటు జరిగింది. 1945లో కార్డిఫ్ దగ్గర లాండాక్ ఆసుపత్రిలో ఈ ఒక్క జబ్బు కోసమే పరిశోధనా విభాగం పెట్టారు. హాల్డేన్ పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు.

మనలో పి.ఎం.ఇ. ఎక్స్‌రేని ఒక తంతుగా తీసుకున్నవాళ్ళే ఎక్కువ, నేనూ అంతే. రిటైరయ్యాక ఆయాసం మొదలై డాక్టరు దగ్గరికి వెళితే, ఫిలిమును వెలుగుకి ఎత్తి పట్టి, పైభాగంలో ఆవగింజల్లాంటి మచ్చలు చూపించి, ఏం పని చేసేవారని అడిగారు. పాత ఫిలిములు ఉంటే పక్కన పెట్టి చూసేవాణ్ణన్నారు. నా దగ్గర ఒక్కటీ లేదు. మీ దగ్గరున్నవి పారేయకండి. పిల్లలకి చెప్పి ఒక కవరులో పెట్టించండి, ఏ బాయిలో ఎన్నేళ్ళు, ఏ పని అన్నది కూడా ఒక కాగితం మీద రాయించి అందులోనే ఉంచండి.

ఈ వ్యాసం రాసే ముందు మా వీధిలోనే ఉన్న మిత్రుడికి ఇదంతా చెప్పాను. ఇరవై ఆరేళ్ళు కోల్‌ఫిల్లర్‌గా చేసిన మనిషి, ఇప్పుడు పంపు పీల్చుకోకుండా గుమ్మం దాటలేడు. బాయి పేలుడు సంగతీ, పిట్టల సంగతీ, తంతుల సంగతీ చెబుతుంటే నవ్వుతూ విన్నాడు. బొగ్గుపొడి గురించి చెప్పినప్పుడు మాట్లాడలేదు. కాసేపయ్యాక, ఆ ఓడలో బొగ్గు సర్దిన కూలీల సంగతి ఇంకోసారి చెప్పమన్నాడు.